ఏటి బావూ, పిలిచేవా?

మొన్న మంగళవారం పద్మపూర్ నుంచి వచ్చానంటూ ఒక మనిషి మా ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడ్డాడు. నెరిసిన గడ్డం, చంకలో గొడుగు, చేతిలో నాలుగు మడతల కాగితం. సెక్యూరిటీ వాళ్ళు ఒరియాలో అడిగితే ఒరియాలో, తెలుగులో అడిగితే తెలుగులో ఒకటే జవాబు చెబుతున్నాడట. "మా యత్త పోనాది. ఈ నంబర్లోల్ని పెద్దకర్మకి పిలమంది." ఆ నంబర్లేమిటో గేటు దగ్గర ఎవరికీ అంతుపట్టలేదు. మెషిన్ షాపులో పాతకాపుని కదా అని నన్ను పిలిపించారు.

కాగితం మీద పదకొండు నంబర్లున్నాయి. ఒరియా బడిలో చదివే పిల్ల ఎవరో, ఆ అత్త చెబుతూంటే, ఒరియా అంకెల్లో గుండ్రంగా రాసిపెట్టింది. చూడగానే నాకు తెలిసిపోయింది. అవి మా టోకెన్ నంబర్లు. పనిముట్లు ఇచ్చే గదిని మేం టూల్‌క్రిబ్ అంటాం. నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఆ గది కిటికీలో పెడితే పనిముట్టు ఇస్తారు. తిరిగి ఇచ్చేదాకా ఆ పనిముట్టు ఉండే కొక్కేనికి మన బిళ్ళ వేలాడుతూ ఉంటుంది. ఆ కిటికీ వెనక పదేళ్ళు నిలబడిన మనిషికి మా పేర్లు తెలియవు. నంబర్లు గుర్తున్నాయి. పోయేముందు ఆ నంబర్ల వాళ్ళని పిలవమని చెప్పి పోయింది.

పదకొండు మందిలో ఇద్దరు ఈ లోకంలో లేరు. నలుగురు రిటైరై శ్రీకాకుళం వైపు వెళ్ళిపోయారు. మిగిలిన అయిదుగురూ ఎక్కడుంటారో ఆ మనిషికి చెప్పాను. తరవాత కాగితాన్ని పైనుంచి కిందికి మూడుసార్లు చూశాను. నాది రెండొందల పద్నాలుగు. అది అందులో లేదు.

ఎందుకు లేదో నాకు తెలుసు. అది చెప్పాలంటే ఒక తిట్టు దగ్గర మొదలుపెట్టాలి. మర్యాదస్తులు ఏమీ అనుకోకండి. ఆ తిట్టు మీ ఇంట్లోనూ ఉంది.

ఒరిస్సా కొండల్లోని ఈ సునాబెడ ఫ్యాక్టరీకి నేను వచ్చింది అరవైల చివర. చేరిన వారంలోనే డ్రిల్లు బిట్టు ఒకటి పుటుక్కుమని విరిగింది. ముక్క పట్టుకుని టూల్‌క్రిబ్‌కి వెళ్ళి, నాలో నేనే గొణుక్కున్నాను, ఈ ముండ బిట్టు మళ్ళీ విరిగింది అని. కిటికీ లోపలినుంచి వెంటనే జవాబొచ్చింది.

"ఏటి బావూ, పిలిచేవా?"

తొంగిచూస్తే నలభై ఏళ్ళావిడ. బోసి నుదురు, బోసి చేతులు, చెవి మీద ఆరిన చుట్ట. మిమ్మల్ని కాదు పిన్నీ, బిట్టుని అన్నాను అని నసిగాను. ఆవిడ విరిగిన ముక్క అందుకుని, వేలితో తడిమి, ఎంతో దిగులుగా అడిగింది. "అయ్యో, దీని మొగుడెప్పుడు పోయేడు? నాకు తెల్దే!"

నా వెనక నిలబడ్డ టర్నర్లు గొల్లుమన్నారు. నా చెవులు కాలిపోయాయి. షాపులోకి కొత్తగా వచ్చిన ప్రతివాడికీ ఆ కిటికీ దగ్గర ఇదే మర్యాద జరుగుతుందట. ఆవిడ ముఖంలో మాత్రం నవ్వు లేదు. కొత్త బిట్టు తీసి, పైట కొంగుతో తుడిచి, నా బిళ్ళ కొక్కేనికి తగిలించి, "రెండొందల పద్నాలుగు" అంది. ఆ రోజునుంచి నా పేరు అదే.

ఆవిడ పేరు మాకెవరికీ తెలియదు. భర్త మా షాపులోనే ఫిట్టరు. ఈ కొండల జ్వరం తగిలి నాలుగు రోజుల్లో పోయాడు. పిల్లల్లేరు. జాలి తలచి ఆవిడకి ఆ ఉద్యోగం ఇచ్చారు. ఆర్డరు కాగితంలో ఆవిడ పేరు ఎక్కడో కిందనుంది, పైన మాత్రం ఫలానా స్వర్గీయుని విధవ అని ఇంగ్లీషులో పెద్దక్షరాలతో ఉంది. చదివి వినిపించిన గుమాస్తాని ఆ మాటకి అర్థం ఏమిటని ఈవిడ అడిగిందట. అతను నీళ్ళు నమిలాడట. అది చెప్పి, "మీ ఆడోళ్ళకది తిట్టు బావూ, నాకది ఉజ్జోగం" అనేది.

ఉదయం షిఫ్టుకి అందరికన్నా ముందు గేటు దాటేది ఆవిడే. చలికాలం సునాబెడలో మంచు పట్టి మనిషికి మనిషి కనబడని వేళ, ఒక్కతీ నడిచి వెళ్ళిపోయేది. మా సూపర్‌వైజరు బెంగాలీ ఆయన. క్రమశిక్షణ అంటే ఈమెని చూసి నేర్చుకోండి అని మా అందరికీ పాఠం చెప్పేవాడు. పాపం, ఆయనకెవరూ అసలు సంగతి చెప్పలేదు. పనికి బయలుదేరే వాళ్ళకి ఎదురు రాకూడదని ఆవిడ అంత పెందరాళే వెళ్ళిపోయేది. సాయంత్రం కూడా అంతే, అందరూ పోయాక, కొక్కేలన్నీ ఒకసారి చేత్తో తడిమి చూసుకుని బయలుదేరేది.

టీ గంట కొట్టినప్పుడు మాత్రం షెడ్డు వెనక గోడ నీడన కూర్చుని చుట్ట ముట్టించేది. మా శ్రీకాకుళం వైపు ఆడవాళ్ళలాగే నిప్పున్న వైపు నోట్లో పెట్టుకునేది. ఆ పొగలోంచి వచ్చిన మాటలే నాకు ఆవిడ దగ్గర మిగిలిన ఆస్తి. మా ఇద్దరి క్వార్టర్లూ ఒకే వరసలో ఉండడంతో నాతో కాస్త చనువుగా ఉండేది.

అందరూ వంటలు అడిగి తెలుసుకున్నట్టు ఆవిడ తిట్లు అడిగి తెలుసుకునేది. కోరాపుట్ బస్సులో కండక్టరు ఒకణ్ణి రాండీపుఅ అని తిడితే, టిక్కెట్టు చింపడం మాన్పించి మరీ దాని అర్థం అడిగింది. విధవ కొడుకు అని తేలింది. హిందీలో ఫోర్‌మన్ విసిరే మాట మొదలు వెతికితే అదీ అక్కడికే చేరింది. మన తెలుగు సంగతి సరేసరి. పప్పు ఎలా వండాలో ముగ్గురికీ ఒక మాట కుదరదు గానీ, ఎవర్ని తిట్టాలో మాత్రం మూడు భాషలవాళ్ళూ ఏకమైపోయేరు అని లెక్క తేల్చింది.

ఆ రోజుల్లో నాకు చదివిన పొగరు కొంచెం ఉండేది. టౌన్‌షిప్ తెలుగు మాస్టారిని అడిగి తెలుసుకొచ్చి, ఆవిడకి అప్పజెప్పాను. ముండ అంటే అసలు గుండు చేసిన తల అని, భర్త పోయిన ఆడదానికి గుండు చేయించేవారు కాబట్టి ఆ మాట ఆవిడకి అంటుకుందని. ఆవిడ తన జుట్టు ముడి తడుముకుంది. "మా ఇళ్ళల్లో గుండు నేదు గదా. గుండు ఆళ్ళకీ, మాట అందరికీనా?" అంది. వెధవ అన్నది కూడా విధవే పిన్నీ అని చెప్పాను. మా నాన్న నన్ను రోజుకి పదిసార్లు ముద్దుగా పిలిచే మాట అది. ఆవిడ నోట్లోంచి చుట్ట తీసేసింది. కాసేపు నన్ను ఎగాదిగా చూసింది.

"మగోణ్ణి తిట్టడానిక్కూడా మా మాటే కావల్సొచ్చిందేటి? మీకంటూ ఓ మాట నేదా? పెళ్ళాం పోయినోణ్ణి ఏటని తిడతారో సెప్పు."

ఆలోచించాను. మా షాపులోనే గ్రైండరు మీద పనిచేసే ఒకతను భార్య పోయిన ఆరు నెలలకి మళ్ళీ పెళ్ళి చేసుకుని లడ్డూలు పంచాడు. అతన్ని ఏమనాలో నాకు ఏ భాషలోనూ మాట దొరకలేదు. నేటికీ దొరకలేదు.

మరైతే అది తిట్టెందుకయింది అని నేనే అడిగాను ఒకసారి. దానికి ఆవిడ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. పునిస్త్రీని ఆ మాటంటే మొగుడు చావాలని కోరినట్టు, అందుకని ఆవిడకి ఒళ్ళు మండుతుంది. నిజంగా మొగుడు పోయినదానికి అది తిట్టెలా అవుతుంది, ఉన్నమాటే కదా, పిలిచారు కాబట్టి పలుకుతున్నాను అనేది. ఆ జవాబు ఎంతో బాగుందనుకునేవాణ్ణి. పలకడం వెనక ఇంకేముందో ఆలోచించే తెలివి లేదు.

ఒక ఆదివారం సంతకి వెళ్ళినప్పుడు ఆవిడ సంచీ నేను మోస్తున్నాను. పసుపుకొమ్ములు అమ్మే కొండజాతి ఆమెతో, దేశియా మాట్లాడే మనిషితో, ఈవిడ బేరం మాని కబుర్లలో పడింది. మీలో మొగుడు పోయినదాన్ని ఏమని తిడతారని వచ్చీరాని దేశియాలో అడిగింది. ఆమెకి ప్రశ్నే అర్థం కాలేదు. రెండోసారి అడిగితే, తన మొదటి మొగుడు పోయాడని, ఇప్పుడు రెండోవాడితో ఉన్నానని, అదిగో అక్కడ కల్లు తాగుతున్నాడని చూపించి, ఇందులో తిట్టడానికేముందని ఎదురు ప్రశ్న వేసింది. పిన్ని పసుపు తీసుకోవడం కూడా మరిచిపోయింది. మర్నాడు కిటికీలో ఎవడో ఆ మాట వాడితే, పిలిచేవా అని అడగడానికి కాస్త ఆలస్యమైంది.

ఆవిడ ఆట ఎంత బాగా పారిందంటే, రెండేళ్ళు తిరిగేసరికి మెషిన్ షాపులో ఆ మాట అనేవాళ్ళు లేకుండా పోయారు. సిగ్గుపడే వాళ్ళు సిగ్గుపడి మానేశారు, విసుగెత్తిన వాళ్ళు విసుగెత్తి మానేశారు. దాంతోపాటు ఇంకోటీ జరిగింది. కిటికీ దగ్గర నోరు జారుతుందేమోనని అసలు మాట్లాడ్డమే మానేశారు. బిళ్ళ పెట్టడం, పనిముట్టు తీసుకోవడం, వెళ్ళిపోవడం. అంతకుముందు అక్కడ పెళ్ళిళ్ళూ పంటలూ ఊరి తగాదాలూ అన్నీ నడిచేవి. ఆవిడ గెలిచిందని నేను సంబరంగా చెప్పబోయాను.

"నానొద్దన్నేదు బావూ" అంది. "పిలిచేవా అని అడిగేను, అంతే. ఇప్పుడెవులూ పిలవరు."

నాకు పెళ్ళయింది. నా భార్య విజయనగరం దగ్గర పల్లెటూరి పిల్ల. పొద్దస్తమానం కురిసే సునాబెడ వానలో, తెలిసిన ముఖం ఒక్కటీ లేక, కిటికీ పట్టుకుని ఏడుస్తూ కూర్చునేది. పిన్ని సాయంత్రం పూట వంటింటి వైపునుంచి వచ్చేది. వీధి గుమ్మం ఎప్పుడూ ఎక్కలేదు. మా ఆవిడకి వేవిళ్ళయితే చింతకాయ పచ్చడి, ఉప్పు వేసి ఎండబెట్టిన ఉసిరికాయ తెచ్చి పెట్టేది. కబుర్లు చెప్పేది. వీపు నిమిరేది. మా ఆవిడ ఏడుపు మానిందంటే ఆ పుణ్యం పిన్నిదే, నాది కాదు.

ఏడో నెలలో గాజులు తొడిగే పేరంటం చేద్దామని ఊరినుంచి మా అమ్మ వచ్చింది. ఆ కబురు టీ గంటప్పుడు నేనే ఆనందంగా పిన్నికి చెప్పాను. ఆవిడ చుట్ట ఆర్పేసింది. కొంగు సర్దుకుంది. తనకంటూ ఎన్నడూ నన్ను ఏదీ అడగని మనిషి అడిగింది.

"బావూ, ఓ మాటడగనా? మీ యమ్మ కుంకంబరిణె పట్టుకుని ఇరవై గుమ్మాలు తిరుగుతాది. నా గుమ్మం కాడ ఓ నిమషం నిలబడమను. బొట్టొద్దు. నోటితో రమ్మంటే సాలు. నాను రాను. రాకూడదని నాకు తెల్దేటి? పిలిస్తే సాలు."

అదెంత పని పిన్నీ, అమ్మ పిలవకపోతే నేనే వచ్చి పిలుస్తాను అన్నాను. ఆవిడ నా ముఖంలోకి చూసి తలూపింది. మాటిచ్చాను. ఎవరూ బలవంతం చెయ్యలేదు, నేనే ఇచ్చాను.

ఇంటికి వెళ్ళి అమ్మతో చెప్పాను. మా అమ్మ చెడ్డది కాదు. నాకు ముందు ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకున్న మనిషి. గట్టిగా కూడా అనలేదు. "నీ పెళ్ళాం కడుపుతో ఉందిరా" అంది, అంతే. నేను మూడు పదులు నిండిన మగవాణ్ణి, మైక్రోమీటరు పట్టి వెంట్రుకలో పదోవంతు తేడా పట్టగలవాణ్ణి, బరిణె వైపు చూస్తూ నిలబడిపోయాను. పోనీ అమ్మ పిలవకపోతే నేను పిలవొచ్చుగా? కడుపులో బిడ్డకి ఏమైనా అయితే అన్న భయం అమ్మ నోట్లోంచి నా గుండెలోకి దిగిపోయింది. తిట్లకి అర్థాలు వెతికిన పండితుణ్ణి కదా, ఆ భయం ముందు నా పాండిత్యం ఒక్క క్షణం నిలవలేదు.

పేరంటానికి ముందురోజు సాయంత్రం అమ్మ, పక్కింటి ఇద్దరితో కలిసి పిలుపులకి బయలుదేరింది. బిందె వంకతో వీధి కుళాయి దగ్గరికి నేనూ వెళ్ళాను. అక్కడినుంచి వరసంతా కనిపిస్తుంది. పిన్ని గుమ్మం కడిగి ఉంది. ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని మెట్టు మీద కూర్చుంది. వీళ్ళు ఒక్కొక్క గుమ్మం దగ్గరా ఆగి, బొట్టు పెట్టి, రేపు తప్పకుండా రండి అని చెప్పి వస్తున్నారు. పక్కింటిదాకా వచ్చేసరికి ఆవిడ లేచి నిలబడింది.

అమ్మ తల వంచుకుని దాటిపోయింది. తరవాతి గుమ్మం దగ్గర బొట్టు పెట్టింది.

పిన్ని నిలబడే ఉంది. తరవాత వంగి మెట్టు మీద ఏదో ఏరుతున్నట్టు చేసింది. అక్కడ ఏమీ లేదు. తలెత్తినప్పుడు కుళాయి వైపు చూసింది. చూసింది నన్నే. ఇరవై అడుగులు వేసి, పిన్నీ రేపు రా అంటే సరిపోయేది. బిందె ఎప్పుడో నిండిపోయి నీళ్ళు నా కాళ్ళ మీద పోతున్నాయి. నేను ముఖం తిప్పుకున్నాను.

ఆదివారం పేరంటం అయిపోయింది. సోమవారం పనికి వెళ్ళక తప్పలేదు. కొలతలు తీసే వెర్నియర్ కావలసి వచ్చి కిటికీలో బిళ్ళ పెట్టబోయాను. అది చేజారి కింద ఇనప రజనులో పడింది. వంగి వెతుకుతున్నాను, దొరకదు. ఎన్నేళ్ళుగానో మానేసిన మాట, ఆ రోజే, ఆ కిటికీ కిందే, నా నోట్లోంచి వచ్చేసింది.

"ఎక్కడ సచ్చిందీ ముండ!"

వెనక ఇద్దరు టర్నర్లున్నారు. చాలా కాలానికి ఆట చూడబోతున్నామని నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. నేను వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయి ఎదురుచూశాను. పిలిచేవా అని అడిగితే బాగుండును, కాళ్ళ మీద పడైనా సరే, పిలవలేదు పిన్నీ, పిలవలేకపోయాను అని చెప్పేద్దామనుకున్నాను.

ఆవిడ పలకలేదు.

బిళ్ళ దొరికింది. ఆవిడ అందుకుని కొక్కేనికి తగిలించింది. వెర్నియర్ తుడిచి బల్ల మీద పెట్టింది. నంబరు కూడా అనలేదు. టర్నర్ల ముఖాల్లో నవ్వు అలాగే ఆరిపోయింది. అన్నాళ్ళూ ఆవిడ పలకడం వల్ల ఆ మాట ఒక పిలుపుగా ఉండిపోయింది. ఆ రోజు తిట్టు అయింది. పుస్తకాల్లో వెతికి ఏదో కనిపెట్టాననుకున్నాను గానీ, ఒక మాట తిట్టుగా ఎక్కడ పుడుతుందో నేను చూసింది అక్కడే, నా నోట్లోనే.

ఆ తరవాత ఆవిడ ఎవరికీ పలకలేదు. ఆట పోయింది కాబట్టి ఆరు నెలల్లో ఆ మాట షాపులోకి మళ్ళీ దర్జాగా వచ్చేసింది. మాకు ఆడపిల్ల పుట్టింది, క్షేమంగా. మిఠాయి పట్టుకుని పిన్ని ఇంటికి వెళ్ళాను. పెరటి తలుపు దగ్గర అందుకుని, "సల్లగుండాలి" అంది. నన్ను లోపలికి రమ్మనలేదు. ఒక తిట్టు తిట్టి ఉంటే నేను బాగుపడేవాణ్ణి. కానీ తిట్లన్నీ తెలిసిన ఆ మనిషి నోట తనదంటూ ఒక్క తిట్టు నేనెప్పుడూ వినలేదు. కొన్నాళ్ళకి కళ్ళు మసకబారాయని ఉద్యోగం మానుకుని పద్మపూర్‌లో తమ్ముడింటికి వెళ్ళిపోయింది. ఆవిడ ఎప్పుడు బస్సెక్కిందో మా వరసలో ఎవరూ చూడలేదు. అందరికన్నా ముందే లేచి వెళ్ళిపోయి ఉంటుంది.

పెద్దకర్మకి కాగితంలో ఉన్న అయిదుగురూ వెళ్ళలేదు. ఒకరికి షిఫ్టు, ఒకరికి నడుంనొప్పి, ఇంత దూరం ఎవరు పోతారన్నది మిగతావాళ్ళ మాట. పిలవని పేరంటానికి పోరాదంటారు. నేను మాత్రం బయలుదేరాను. రాయగడలో బస్సు మారి, గుణుపురంలో ఇంకోటి ఎక్కి, పద్మపూర్ చేరేసరికి మధ్యాహ్నమైంది. పొలాల పక్కన పెంకుటిల్లు. వాకిట్లో తాటాకు పందిరి, కింద మూడు వరసలు కూర్చుని ఉన్నాయి. మా ఫ్యాక్టరీ గేటుకి కాగితం తెచ్చిన ఆవిడ మేనల్లుడు ఎక్కడో వడ్డనలో తిరుగుతున్నాడు. తెలిసిన ముఖం ఇంకొకటి లేదు. నేను పందిరి గుంజ దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాను.

విస్తళ్ళ కట్ట దగ్గరికి ఒక మేక వచ్చింది. దాన్ని అదిలిస్తూ ఒక ముసలమ్మ, "ఓసి ముండా, ఇప్పుడే కావాలా నీకు" అంది. నేను చప్పున తలెత్తి ఇంటి లోపలికి చూశాను. కాసేపు చూశాను.

ఎవరూ పలకలేదు.

ముసలమ్మ మేకని తరిమేసి, విస్తరాకులు చేత్తో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. కళ్ళు చికిలించి చూసింది. ఆవిడ తలకట్టూ, నుదురూ చూస్తే పిన్నికి అక్కో చెల్లెలో అయ్యుండాలి.

"ఏ ఊరు బావూ? నిన్నెవులు పిలిచేరు?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "ఎవరూ పిలవలేదమ్మా. నేనే వచ్చాను" అన్నాను.

ఆవిడ నన్ను ఇంకోసారి చూసింది. వరస చివర ఖాళీగా ఉన్న చోట వంగి, ఆకు వేసి, నీళ్ళు చిలకరించింది.

"కూకో" అంది.